పేవర్ టైల్స్ కల్లం: డబ్బు పైన కాదు, కింద పెట్టండి



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు ఇంటి ముందు, షెడ్డు ముందు పేవర్ టైల్స్ వేయించుకుంటామని చాలామంది అడుగుతున్నారు. వడ్లు ఎండబోసుకోవచ్చు, ట్రాక్టర్ నిలుపుకోవచ్చు, బురద ఉండదు. ఆలోచన మంచిదే. కానీ రెండు వానాకాలాలు తిరిగేసరికి కొన్ని చోట్ల టైల్స్ కుంగుతున్నాయి, మధ్యలో నీళ్లు నిలుస్తున్నాయి. అందరూ టైల్ నాసిరకం అంటారు. నేను మాత్రం కింది పని నాసిరకం అంటాను. ఖర్చంతా కంటికి కనిపించే టైల్ మీద పెట్టి, కింద తూతూమంత్రంగా కానిచ్చేస్తున్నాం.

ఇది చిన్న విషయం కాదు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో వడ్లు తీసుకోరు. చోటు లేకనే రోడ్ల మీద పోస్తున్నాం, రాత్రిపూట బైకుల వాళ్లు ఆ కుప్పలకు తగిలి పడుతున్నారు. ఉపాధి హామీ కింద కట్టిన కల్లాల డబ్బు 151 కోట్లు వెనక్కి ఇవ్వాలని 2022లో కేంద్రం అడిగితే రాష్ట్రంలో ధర్నాలు జరిగాయి. కల్లం విలువ అంత. నీళ్లు నిలిచే కల్లం ఉన్నా లేనట్టే.

పని మొత్తం వీడియోలో ఉంది. చూసుకోవాల్సినవి ఇవి:

1. నల్లరేగడి మీద నేరుగా పరచొద్దు. అది వానకు ఉబ్బుద్ది, ఎండకు పగులుద్ది. అడుగు, అడుగున్నర తీసి మొరం నింపండి. 4 అంగుళాల పొర చొప్పున పోసి, తడిపి, దిమ్మిస కొట్టించండి. ఎర్ర చల్కకు అంత లోతు అక్కర్లేదు గానీ దిమ్మిస తప్పదు. తీసిన పైమట్టిని పారేయకండి, చేనుకు తోలుకోండి.

2. గుంతల్ని డస్ట్‌తో కప్పొద్దు. టైల్ కింద డస్ట్ గానీ ఇసుక గానీ అంగుళంన్నర మించొద్దు. లెవల్ మొరంతోనే రావాలి.

3. వాటం 10 అడుగులకు 2 అంగుళాలు, గోడ వైపు కాకుండా బయటికి. ఆ నీళ్లు ఇంకుడు గుంతకు పోవాలి.

4. చుట్టూ కాంక్రీట్ అంచు కట్టించండి. లేకపోతే టైల్స్ పక్కకు జరిగి సందులు పెరుగుతాయి.

5. నడకకు, బైకుకు 60 మిల్లీమీటర్ల మందం చాలు. లోడు ట్రాక్టర్ తిరిగితే 80 తీసుకోండి.

6. సందుల్లో సిమెంట్ పాలు పోయించొద్దు. సన్న ఇసుక నింపి ఊడ్చితే చాలు. నీళ్లు కొంతైనా భూమిలోకి దిగుతాయి. వేపచెట్టు ఉంటే మొదలు చుట్టూ మట్టి వదిలేయండి. చేలో భూమి ఊపిరి పీల్చుకోవాలని చెప్పే మనమే వాకిట్లో దాని గొంతు నొక్కితే ఎట్లా?

ఇంకో మాట. ఆవుల్ని కట్టేసే చోట ఈ టైల్స్ అసలు వద్దు. మూత్రం సందుల్లోకి ఇంకిపోతే జీవామృతానికి ఏం మిగులుద్ది? అక్కడ వాటంగా సిమెంట్ గచ్చు వేసి, చివర తొట్టి కట్టుకోవడమే మేలు.

డబ్బు చాలకపోతే కల్లం సైజు తగ్గించుకోండి, మొరం మాత్రం తగ్గించొద్దు. వడ్లు ఎట్లాగూ పట్టా మీదే ఎండబోస్తాం కాబట్టి రంగు, డిజైన్‌తో మనకు పనిలేదు. మేస్త్రీతో బేరం మొదలుపెట్టేటప్పుడు టైల్ రేటు కంటే ముందు "కింద మొరం ఎంత పోస్తవ్, ఎన్నిసార్లు దిమ్మిస కొడతవ్?" అని అడగండి.