పని చెప్పేదొకరు, మస్టరు వేసేదొకరు

విశాఖ ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుల తొలగింపు మీద కొంతకాలంగా వస్తున్న వార్తలూ చర్చలూ తలల లెక్క దగ్గరే ఆగిపోతున్నాయి. పర్మినెంటు వాళ్లు ఎందరు, కాంట్రాక్టు వాళ్లు ఎందరు, టన్ను ఉక్కుకు మనుషులు ఎక్కువా తక్కువా? 2025 జనవరిలో కేంద్రం రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించాక ఈ లెక్కలు మరీ జోరందుకున్నాయి. లెక్కలు వద్దని నేననను. కానీ వాటి మధ్య ఒక మాట ఎవరూ ప్రశ్నించకుండానే దొర్లిపోతోంది. ‘‘వాళ్లు కాంట్రాక్టరు మనుషులు, తీసేసింది కాంట్రాక్టరు, యాజమాన్యానికి సంబంధం లేదు.’’ దీన్ని చట్టం చెప్పిన మాట అన్నట్టే రాసేస్తున్నారు, చెప్పేస్తున్నారు. పారిశ్రామిక సంబంధాల విభాగాల్లో మూడు దశాబ్దాలు పనిచేసినవాడిగా ఆ మాట నాకు మింగుడుపడదు. ఒక సంస్థలో ఎవరు ఎవరికి పని పురమాయిస్తారు, ఆ పనికి ఎవరు జవాబుదారీ అన్నది తేల్చకుండా ఎవరు ఎవరి మనిషో చెప్పడం కుదరదు.

ఈ తగువు విశాఖకు కొత్తది కాదు. ‘యజమాని ఎవరు’ అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు ఇచ్చిన ముఖ్యమైన జవాబుల్లో ఒకటి మన రేవు నుంచి వెళ్లిన కేసులోనిదే. పేరు వైజాగపటం డాక్ లేబర్ బోర్డు వర్సెస్ స్టీవెడోర్స్ అసోసియేషన్, సంవత్సరం 1970. ఇన్ని చర్చలు విన్నాను, ఒక్కరూ దాని పేరెత్తలేదు.

రేవు పని రోజూ ఒకేలా ఉండదు. ఓడ వస్తే వందల మంది కావాలి, రాకపోతే ఎవరూ అక్కర్లేదు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడితే మేస్త్రీ ఎవరిని పిలిస్తే వాడికే ఆ పూట కూలి అన్న రోజులుండేవి. ఆ అనిశ్చితిని తగ్గించడానికే 1948లో డాక్ కార్మికుల చట్టం, దాని కింద 1959లో విశాఖ స్కీము వచ్చాయి. ప్రభుత్వం, యజమానులు, కార్మికులు ముగ్గురి ప్రతినిధులూ ఉండే బోర్డు చేతికి వ్యవహారం వెళ్లింది. కార్మికుడి పేరు బోర్డు రిజిస్టరులో ఉంటుంది. షిఫ్టుకు బుకింగు అక్కడే. వరుస ప్రకారం గ్యాంగును ఒక స్టీవెడోరుకు, అంటే ఓడల్లో సరుకు ఎక్కించి దింపించే యజమానికి, కేటాయిస్తారు, ఇవాళ ఒకరి ఓడ, రేపు ఇంకొకరి ఓడ. కూలి బోర్డు ద్వారానే చేతికొస్తుంది. హాజరై కూడా పని దొరకని రోజున హాజరు కూలి ఉంటుంది. తప్పు చేస్తే విచారణా శిక్షా కూడా స్కీము ప్రకారమే. అంతా సవ్యంగానే ఉంది కానీ బోనస్ దగ్గరికొచ్చేసరికి పేచీ మొదలైంది. ఎవరివ్వాలి? స్టీవెడోర్లు బోర్డు వైపు చూపించారు, బోర్డు స్టీవెడోర్ల వైపు చూపించింది. ట్రిబ్యునల్ తీర్పు తనకు వ్యతిరేకంగా రావడంతో బోర్డు సుప్రీంకోర్టు తలుపు తట్టింది.

అక్కడ కోర్టు తూకం వేసిన తీరు గమనించాలి. పేరు నమోదు బోర్డుది, కూలి పంపిణీ బోర్డుది, క్రమశిక్షణ బోర్డుది. అయినా బోర్డు యజమాని కాదంది. అవన్నీ రిజిస్టరైన యజమానుల తరఫున బోర్డు చేసిపెడుతున్న పనులే అంది. గ్యాంగును ఎవరికి కేటాయించారో, ఎవరి అజమాయిషీలో ఓడ మీద పనిచేస్తోందో ఆ స్టీవెడోరే యజమాని అని తేల్చింది.

ఈ తీర్పును ఇప్పుడు కూర్మన్నపాలెంలోని ఉక్కు కర్మాగారం దగ్గరకు తెచ్చి చూడండి. కాంట్రాక్టరు పేరు రాసుకుంటాడు, జీతం ఖాతాలో వేస్తాడు, వద్దనుకుంటే తీసేస్తాడు. పని మాత్రం గోదావరి ఫర్నేసుదో కృష్ణా ఫర్నేసుదో కోక్ ఓవెన్లదో అవుతుంది. రేవు కేసులో చూసినట్టు చూస్తే జీతం చేతికిచ్చినవాడే యజమాని కానక్కర్లేదు.

దీనికి యాజమాన్యాల తరఫు వకీళ్లు చెప్పే జవాబు నాకు తెలుసు. బోర్డు చట్టం పుట్టించిన సంస్థ, లాభాపేక్ష లేనిది, కాంట్రాక్టరు వ్యాపారి, రెంటికీ పోలిక లేదంటారు. తేడా ఉన్నమాట నిజం. కానీ నా లెక్కలో ఆ తేడా కార్మికుడి వైపే మొగ్గుతుంది. బోర్డుకు చట్టమే అధికారాలిచ్చింది, సొంత రిజిస్టరు ఉంది, ఏళ్ల తరబడి నిలిచే ఉనికి ఉంది. అంత ఉన్న బోర్డే యజమాని కానప్పుడు, టెండరు గడువు ముగిస్తే పేరు మారిపోయే కాంట్రాక్టరు ఎలా అవుతాడు? టెండరు మారుతుంది, పాసు మీద సంస్థ పేరు మారుతుంది, మనిషి అదే బెల్టు దగ్గర అదే పనిలో ఉంటాడు. భూములిచ్చి, పునరావాసం కింద ఇచ్చిన ఆర్-కార్డు పట్టుకుని తిరిగి తిరిగి చివరికి కాంట్రాక్టు పాసు మీదే లోపలికి వెళ్లిన నిర్వాసితుడి సంగతి గాజువాక, అగనంపూడి వాసులకు నేను చెప్పాలా?

తర్వాతి తీర్పులు వేరే దారి పట్టాయి. 1996లో ఎయిరిండియా స్టాట్యూటరీ కార్పొరేషన్ కేసులో, కాంట్రాక్టు పద్ధతిని నిషేధిస్తే ఆ కార్మికులు ప్రధాన యజమాని మనుషులైపోతారని సుప్రీంకోర్టు చెప్పింది. 2001 ఆగస్టు 30న సెయిల్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. మన విశ్లేషకులకు గుర్తున్నది ఇంతే. ఆ తీర్పులోనే మిగతా భాగం ఉంది. కాంట్రాక్టు బూటకమైతే ముసుగు తొలగించి చూసే అధికారం పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు ఉంటుంది. బూటకం కాకపోయినా, కాంట్రాక్టును నిషేధించిన పనికి రెగ్యులర్ కార్మికుల్ని తీసుకునేటప్పుడు పాత కాంట్రాక్టు కార్మికులకు వయసు, సాంకేతికేతర చదువుల నిబంధనలు సడలించి ముందుగా అవకాశమివ్వాలి. ‘సంబంధం లేదు’ అనేవాళ్లు ఈ పేజీలు తిప్పలేదు.

2009లో అంతర్జాతీయ విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కేసులో పర్యవేక్షణను రెండుగా చీల్చారు. మనిషిని ఎక్కడికి పంపాలో నిర్ణయించే కాంట్రాక్టరుది మొదటి రకం అజమాయిషీ, పంపిన చోట పని చెప్పేవాడిది రెండో రకం. 2014లో బల్వంత్ రాయ్ సలూజా కేసులో ఆరు గీటురాళ్లు పెట్టారు. నియమించేది ఎవరు, జీతమిచ్చేది ఎవరు, తీసేసేది ఎవరు, చర్య తీసుకునేది ఎవరు, ఉద్యోగం ఎంతకాలంగా కొనసాగుతోంది, అజమాయిషీ ఎంత. వీటిలో మొదటి నాలుగూ కాగితం మీద సర్దుకోగలిగినవే. 1970లో రేవు బోర్డు చేతిలో ఉన్నా యజమానిని చేయలేకపోయినవి కూడా దాదాపు ఇవే.

తీర్పులు చదివి సంస్థలు తమ లోపలి నిర్మాణాన్నే మార్చుకున్నాయి. ఇది నేను దగ్గరుండి చూసింది. ఒక కర్మాగారంలో షిఫ్టు లాగ్‌బుక్కులో పని చేసినవాళ్ల పేర్లు రాసేవారు, ఫలానా కన్వేయరు రోలరు మార్చినవారు ఫలానా ఫలానా అని. కాంట్రాక్టు కార్మికులు కేసు వేసి ఆ పుస్తకాలనే సాక్ష్యంగా తెప్పించమని అడిగాక సర్క్యులరు వచ్చింది. ఇకపై పేర్లు రాయకూడదు, ‘ఏజెన్సీ మనుషులు నలుగురు’ అని రాయాలి. ఇంజనీరు నేరుగా పని చెప్పకూడదు, ఏజెన్సీ సూపర్‌వైజరుకే చెప్పాలి. ఆ సర్క్యులరు తయారుచేసినవాళ్లలో నేనూ ఉన్నాను. సీ షిఫ్టులో ఆ సూపర్‌వైజరు మూడు చోట్ల చూసుకోవాలి. ఒక రాత్రి బెల్టు మీద సరుకు ఇరుక్కుని పొగ వస్తుంటే, షిఫ్టు ఇంజనీరు ఎదురుగా ఉన్న కార్మికుణ్ని పేరు పెట్టి కేకేసి ‘‘ముందు పుల్ కార్డు లాగు’’ అన్నాడు. అతను లాగాడు, బెల్టు ఆగింది. తెల్లారి లాగ్‌బుక్కులో ‘ఏజెన్సీ మనిషి ఒకరు’ అని ఉంది. పన్నెండేళ్లుగా ఆ బెల్టు శబ్దం తేడా వస్తే చెవితోనే పట్టేసే మనిషి అతను. సంస్థ కాగితాల్లో అతను లేడు. ఆ పుస్తకం ఆ రోజు నా బల్ల మీదకే వచ్చింది, అప్పటి నుంచీ నా మనసులో ముల్లులా ఉంది.

మన చట్టాల్లో ఒకటి మాత్రం ఈ చీలికను ఒప్పుకోలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టానికి 1976లో చేసిన సవరణతో, కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాడు, అదీ ప్రధాన యజమానికి తెలిసి వచ్చినా తెలియకుండా వచ్చినా, ఆ ఫ్యాక్టరీ కార్మికుడే అయ్యాడు. భద్రతకు పూచీ ఫ్యాక్టరీని నడిపేవాడిదే. కారణం సులువు. యంత్రం దగ్గర పెత్తనం రెండు ముక్కలైతే ప్రాణం పోతుంది. 2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో పరీక్షలో ఉన్న 70 టన్నుల క్రేను కూలి 11 మంది చనిపోయారు. నలుగురు షిప్‌యార్డు ఉద్యోగులు, ఏడుగురు కాంట్రాక్టు సంస్థలవాళ్లు. ఒకే క్రేను, ఒకే పని, జీతాల చిట్టాలు మాత్రం వేరు. ప్రమాదంలో తనవాడైన కార్మికుడు ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి పరాయివాడు ఎలా అవుతాడో నాకు ఏ న్యాయసూత్రంలోనూ కనిపించలేదు.

ఇక కొత్త కోడ్. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 57వ సెక్షను కీలకమైన పనుల్లో కాంట్రాక్టు కార్మికుల్ని నిషేధిస్తుంది. ఆ ‘కీలకమైన పని’ అన్న ఆలోచన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో చేసిన సవరణలో అప్పటికే ఉంది, మినహాయింపుల జాబితా కూడా దాదాపు అదే. పారిశుధ్యం, కాపలా, క్యాంటీను, తోటపని, రవాణా, లోడింగు, అన్‌లోడింగు కీలకం కావు. అయితే సంస్థ ఆ పని కోసమే పెట్టింది కాకపోతేనే అన్న షరతుంది. సరుకు ఎక్కించి దింపడానికే పుట్టిన రేవులో లోడింగు కీలకం కాదని ఎవరైనా వాదిస్తే ఆ షరతు వాళ్ల కంటికి కనిపించలేదని అర్థం.

నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది ఇంకో మినహాయింపు. సంస్థ మామూలు నడకలో ఆ పని సాధారణంగా కాంట్రాక్టరు ద్వారానే జరుగుతుంటే, కీలకమైన పనిలోనైనా కాంట్రాక్టు పెట్టుకోవచ్చు. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం 10వ సెక్షను వేరేలా అడిగేది. ఈ పని ఏడాది పొడవునా ఉంటుందా, ఇలాంటి సంస్థల్లో దీన్ని సాధారణంగా రెగ్యులర్ కార్మికులే చేస్తారా అని. ఇప్పుడు ప్రశ్న తిరగబడింది. ఇరవై ఏళ్లు కాంట్రాక్టుకిచ్చిన అలవాటే ఇకపైనా ఇచ్చుకోవడానికి హక్కుగా మారే ప్రమాదముంది. ‘మామూలు నడక’ అంటే యాజమాన్యం చేసుకున్న అలవాటు అని చదవకూడదు, ఆ పని స్వభావం ఏం కోరుతుందో చూడాలి. కోక్ ఓవెను తలుపు ఆపకుండా మూడు షిఫ్టులూ చూడాల్సిన పని, అది మధ్యమధ్యలో వచ్చిపోయేది కాదు.

ఏది కీలకమో కాదో తేల్చమని దరఖాస్తులు మొదలైనప్పుడు సంఘాలు మళ్లీ తలల లెక్క పట్టుకెళితే లాభం లేదు. షిఫ్టు లాగ్‌బుక్కులు తీసుకెళ్లాలి, పేర్లు లేని పేజీలతో సహా. వర్క్ పర్మిట్లు తీసుకెళ్లాలి, ఎందుకంటే వాటి మీద సంతకం ఎవరిదో ఎవరూ దాచలేదు. ఒకే మనిషికి ఏళ్లుగా ఇచ్చిన పాత గేటు పాసులన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టాలి, కాంట్రాక్టరు పేరు మారుతూ విభాగం పేరు మారకుండా ఉన్నవి. వాటన్నిటి పైన 1970 నాటి విశాఖ రేవు తీర్పు ప్రతి ఉండాలి.