మేజరు అను మాట

ముప్పాళ్ళ పొలములలో “మేజరు పారుతోందా?” అని యొక రైతు మరియొకరి నడిగినచో, ఆ ప్రశ్న సైన్యాధికారిని గూర్చినది కాదు, సాగరు నీటిని గూర్చినది. 1967లో నాగార్జునసాగరు కుడికాలువకు నీరు విడిచిన పిమ్మట పల్నాటిలో ఈ మాట పొలముగట్ల కెక్కినది. మేజరునుండి చీలునది మైనరు.

దీనిని అపభ్రంశమని చిన్నచూపు చూచు పండితులు కలరు. వారి మాట సరికాదు. లాటినులో దీని మూలమునకు ‘మరింత పెద్ద’ అని యర్థము. మన ‘మహత్’ శబ్దమునకు దాయాది. ఐరోపా సైన్యములలో ‘సార్జెంటు మేజరు’ అను పదవినుండి విశేష్యము రాలిపోగా, మిగిలిన విశేషణమే సైనిక ‘మేజరు’ అయినది. పల్నాటి రైతు చేసినదియు నదియే: కాలువను విడిచి మేజరును నిలుపుకొన్నాడు. సైనికుడు చేసినది పరిణామమై, రైతు చేసినది అపభ్రంశ మెట్లగును?

చట్టరీత్యా 18 ఏండ్లు నిండినవాడును మేజరే. నగరమునకు పెద్దయగు మేయరు ఫ్రెంచి మీదుగా వచ్చిన తోబుట్టువు. ఉపాధ్యాయులకు నచ్చు సంగతి మరొకటి కలదు. ‘మాస్టరు’ అను మాట లాటినులో ‘అధికము’ అను పదమునుండి, ‘మినిస్టరు’ అనునది ‘అల్పము’ అను పదమునుండి పుట్టినవి. మినిస్టరనగా తొలుత సేవకుడు. (దీనిని తరగతిలో చెప్పవచ్చును; సభలో వలదు.)

మేజరును ‘పెద్దకాలువ’ యని తెనిగించినచో ప్రధానకాలువ యని భ్రమ కలుగును. ఉన్న మాటకే నిఘంటువున చోటీయవలెను. అందాక, ముప్పాళ్ళ పిల్లవాడు ‘మేజరు అనగా కాలువ’ అని వ్రాసినచో ఆ జవాబుపై ఎఱ్ఱసిరా పడరాదు.