క్రొత్త ఫోను కొనునప్పుడు

1995వ సంవత్సరము జూలై 31వ తేదీన నాటి పశ్చిమబెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుండి ఢిల్లీలోనున్న కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి సుఖ్‌రామ్‌తో సెల్‌ఫోనులో మాటాడెను. భారతదేశమున మొదటి సెల్‌ఫోను సంభాషణగా అది ప్రసిద్ధి కెక్కినది. ఆ దినములలో సెల్‌ఫోను ధనికుల సొత్తు. పిలిచినవారే గాక, పిలుపు నందుకొన్నవారును నిమిషమున కింతయని రుసుము చెల్లింపవలసి యుండెను. 2003లో ఆ పద్ధతి తొలగెను. నేడు కూరగాయలమ్ము అవ్వ మొదలు కాలేజీ ఉపన్యాసకుని వరకు ఫోను లేనివారు అరుదు. పంట ధర తెలిసికొనుటకు, సొమ్ము పంపుటకు, దూరదేశమందున్న బిడ్డ ముఖము చూచుటకు అది సాధనమైనది. 2020లో కరోనా వ్యాధి వలన పాఠశాలలు మూతపడినప్పుడు ఎందరో బాలబాలికలకు ఫోనే పాఠ్యపుస్తక మయ్యెను.

కావున ఫోను విలాసవస్తువని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. పేదవాడు మంచి ఫోను కోరుట తప్పనుటయు ధర్మము కాదు. కాని అవసరమైన వస్తువును కొనునప్పుడే మోసపోవుటకు అవకాశము మెండు. అవసరము మనుష్యుని తొందరపెట్టును. తొందర ఆలోచనను చంపును. ఉన్న ఫోనును విడిచి క్రొత్తదానిని కొనదలచిన గృహస్థుడు వస్తువును చూచినంత శ్రద్ధతో లెక్కను గూడ చూడవలెను.

ఈ విషయమున విద్యార్థుల బాధ్యత సామాన్యమైనది కాదు. అనేక గృహములలో పెట్టెపై నున్న అక్షరములను, వాయిదాల పత్రములోని షరతులను చదువగలవారు పిల్లలే. అంగడిలో నిలుచుండి తండ్రి కుమారుని వైపు తిరిగి, "ఇందులో ఏమున్నదో చదివి చెప్పు నాయనా" అని యడుగును. తల్లి కుమార్తెను, "ఏది తీసుకొందాము, చెప్పమ్మా" అని యడుగును. ఆ క్షణమున ఆ బిడ్డ చేతిలో ఇంటివారి కొన్ని నెలల కష్టార్జిత మున్నది. తనకు నచ్చిన దానిని మంచిదని చెప్పుట యెంతయో సులభము. మంచి దేదియో విచారించి చెప్పుట కష్టము. చదువు వచ్చినందులకు ఫలమా రెండవ పనియే.

మొట్టమొదట వేసికొనవలసిన ప్రశ్న, ఏ ఫోను కొనవలెనని కాదు. అసలు కొనవలెనా యని. పాత ఫోను త్వరగా ఆరిపోవుచున్నచో దోషము సాధారణముగ బ్యాటరీది. లిథియము బ్యాటరీ కొన్ని వందల పర్యాయములు నింపి వాడిన పిమ్మట శక్తి తగ్గుట సహజము. బ్యాటరీ మాత్రమే మార్పించిన యెడల అదే ఫోను మరి రెండేండ్లు నడచుట కలదు. ఫోను మందగించినచో అందులో పేరుకొనిపోయిన చిత్రములను, చలనచిత్రములను తొలగించి చూడవలెను. అద్దము పగిలినచో దానిని మార్చుటకగు వ్యయమును క్రొత్త ఫోను వెలతో పోల్చవలెను. గొడ్డుకు కాలు బెణికినంత మాత్రమున రైతు దానిని సంతకు తోలడు గదా!

అయితే పాతదానిని పట్టుకొని వ్రేలాడుటయు అన్ని వేళల మంచిది కాదు. ఫోనును తయారుచేసిన కంపెనీ అప్పుడప్పుడు రక్షణకు సంబంధించిన సవరణలను పంపుచుండును. దొంగలు చొరబడు సందులను పూడ్చు మరమ్మతుల వంటివి యవి. ఆ సవరణలు నిలిచిపోయిన ఫోనుతో బ్యాంకు వ్యవహారములు జరుపుట, గొళ్ళెము ఊడిన తలుపు గల యింటిలో నగలు దాచుట వంటిది. ఫోను మార్చుటకు ఇది సరియైన కారణము. పొరుగువాడు మార్చినాడనుట కారణము కాదు.

కొనవలెనని నిశ్చయించిన పిమ్మట పెట్టెపై నున్న అంకెలను చూచి భ్రమపడరాదు. కెమెరాకు ఎన్ని మెగాపిక్సెళ్ళున్నవో పెద్ద అక్షరములతో వ్రాయుదురు. కాని చిత్రము బాగుగ వచ్చుట ఆ యంకె యొక్కదానిపై ఆధారపడదు. లోపలనున్న సెన్సారు పరిమాణము, కటకము నాణ్యత గూడ చూడవలెను. 128 జీబీల చోటున్నదని వ్రాసిన ఫోనులో కొంత భాగమును దానిని నడుపు వ్యవస్థయే ఆక్రమించుకొనును. పైన పటారము, లోన లొటారము అను సామెత ఇట్టి వస్తువుల విషయమున మరువరానిది.

పెట్టెపై పెద్ద అక్షరములతో కనబడని విషయము లింతకంటె ముఖ్యమైనవి. రక్షణ సవరణలు ఎన్ని యేండ్లు వచ్చును? మరమ్మతు కేంద్రము దగ్గరి పట్టణమున నున్నదా? విడిభాగములు దొరకునా? 2023లో వెలువడిన గూగుల్ పిక్సెల్ 8, 2024లో వెలువడిన శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్ 24 ఫోనులకు ఏడేండ్ల వరకు సవరణలు పంపుదుమని ఆ కంపెనీలు ప్రకటించినవి. అవి ఖరీదైనవి. తక్కువ వెల గల ఫోనులలో ఈ గడువు చాల తక్కువగ నుండుట కలదు. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన నియమముల ప్రకారము, బ్యాటరీని 800 పర్యాయములు నింపి వాడిన పిమ్మటను మొదటి శక్తిలో కనీసము 80 శాతము నిలువవలెను. వస్తువు మన్నికను కోరు హక్కు కొనువారికి కలదని అక్కడి ప్రభుత్వములు గుర్తించినవి. ఇక్కడి కొనుగోలుదారులును ఆ ప్రశ్ననే అంగడిలో అడుగుట నేర్వవలెను.

చౌకయనునది వెలను బట్టి కాక కాలమును బట్టి లెక్కింపదగినది. 12,000 రూపాయల ఫోను రెండేండ్లకే పనికిరాకపోయిన యెడల ఏడాదికి 6,000 రూపాయలు వ్యయమైనట్లు. 18,000 రూపాయల ఫోను అయిదేండ్లు నడచిన యెడల ఏడాదికి 3,600 రూపాయలు మాత్రమే. అనగా ఎక్కువ వెల గలదెల్ల ఎక్కువ కాలము మన్నునని భావింపరాదు. ఎన్నేండ్లు వచ్చునో విచారింపక వెలను మాత్రమే చూచుట సగము లెక్క యని భావము.

ఇక వెల చెల్లించు విధము. "చేతిలో సొమ్ము లేకున్నను ఫరవాలేదు, వడ్డీ లేని వాయిదాలలో తీసికొనుడు" అని అంగడివారు పిలుతురు. 2013 సెప్టెంబరులో భారతీయ రిజర్వు బ్యాంకు ఈ విషయమును విచారించి, సున్న వడ్డీ యనునది నిజమునకు లేదనియు, ఆ వడ్డీని తరచు ఇతర రుసుముల రూపమున కొనువారి నుండియే రాబట్టుచున్నారనియు బ్యాంకులను హెచ్చరించెను. ఒక ఫోను వెల 15,000 రూపాయలనుకొనుడు. పండ్రెండు వాయిదాలలో నెలకు 1,250 రూపాయలు. రొక్కమిచ్చిన వారికి 1,000 రూపాయలు తగ్గింపు కలదనుకొనుడు. వాయిదాల వానికి ఆ తగ్గింపు లేదు; పైగా 200 రూపాయల రుసుము, దానిపై 18 శాతము పన్ను. రొక్కమునకు 14,000 రూపాయలైన వస్తువు వాయిదాలకు 15,236 రూపాయలగును. వడ్డీ యను మాట పత్రములో నెక్కడను లేదు. 1,236 రూపాయలు మాత్రము చేయి దాటినవి. ఒక వాయిదా తప్పినచో జరిమానా వేరుగ నుండును.

వాయిదాలు ఎల్లప్పుడు చెడ్డవని చెప్పుట కాదు. పంట డబ్బు చేతికి రాని కాలమున ఉద్యోగమునకో, చదువునకో ఫోను అత్యవసరమైన యెడల వాయిదా ఉపకారియే. అయితే ఆ యుపకారము వెల యెంతయో ముందుగ తెలిసి యుండవలెను. మొత్తము చెల్లింపవలసిన సొమ్ము ఎంతయని యొక్క ప్రశ్న వేసిన చాలును. ఆ ప్రశ్నకు కాగితముపై సమాధానము వ్రాసియీయని అంగడి నుండి వెలుపలికి వచ్చుట మేలు.

విదేశములలో ఫోనును, దానికి వలయు సేవను ఒకే ఒప్పందమున కట్టి అమ్ము ఆచారము చిరకాలముగ నున్నది. 2007 జూన్‌లో అమెరికాలో మొదటి ఐఫోను అమ్మకమునకు వచ్చినప్పుడు ఏటీ అండ్ టీ కంపెనీతో రెండేండ్ల ఒప్పందము చేసికొనవలసి వచ్చెను. బ్రిటన్‌లో ఇట్టి ఒప్పందములందు ఫోను వెల తీరిపోయిన పిమ్మటను, పత్రము చూచుకొనని వారు అదే మొత్తమును నెలనెల చెల్లించుచు వచ్చిరి. అందుచే అక్కడి నియంత్రణ సంస్థయైన ఆఫ్‌కామ్, గడువు ముగియుటకు ముందే వినియోగదారులకు తెలియజేయవలెనని 2020 ఫిబ్రవరి నుండి కంపెనీలను నిర్బంధించెను. ఒప్పందము నడుమ పెంచు రుసుమును ద్రవ్యోల్బణమునకు ముడిపెట్టక స్పష్టమైన అంకెలలో ముందుగనే చెప్పవలెనని 2025 జనవరి 17వ తేదీ నుండి మరియొక నియమము వచ్చెను. చదువులకై ఆ దేశములకు పోవు తెలుగు యువకులు మొదటి వారములోనే ఇట్టి పత్రములపై సంతకములు చేయుచుందురు. గడువెంత, నడుమ విడిచినచో చెల్లింపవలసిన దెంత, గడువు తీరిన పిమ్మట రుసుమెంత, ఈ మూడును తెలిసికొనక సంతకము చేయరాదు.

భారతదేశమున ముందుగ సొమ్ము చెల్లించు రీఛార్జి పద్ధతియే అధికము. ఇందులోను లెక్క కలదు. నెల యని జనులు పిలుచునది అనేక పథకములలో 28 దినములే. 28ని 13 పెట్టి హెచ్చించిన 364. అనగా ఏడాదికి పండ్రెండు కాదు, పదమూడు రీఛార్జిలు. 300 రూపాయల పథకమునకు 3,600 అని తలచినవాడు 3,900 చెల్లించును. నాలుగేండ్లకు 15,600 రూపాయలు. ఆ ఫోను వెలకంటె నధికము! ఈ చిక్కును గమనించియే టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థయైన ట్రాయ్, 30 దినముల గడువు గలదియు, ప్రతినెల అదే తేదీన మార్చుకొనదగినదియు అగు పథకములను ప్రతి కంపెనీ ఉంచవలెనని 2022 జనవరిలో ఆదేశించెను. డేటా అక్కరలేని వృద్ధులకై మాటలకును, సందేశములకును మాత్రమే పరిమితమైన పథకములు గూడ ఉండవలెనని 2024 డిసెంబరులో నియమము చేసెను. నియమములున్నను అడిగినవారికే అవి ఉపయోగపడును. తాతగారి ఫోనుకు దినమునకు రెండు జీబీల డేటా కొని, ఆయన దానిని తాకనైన తాకకుండుట ఎవరి లాభమునకు?

కంపెనీ సేవ బాగుండనిచో సంఖ్య మారకుండ మరియొక కంపెనీకి పోవు హక్కు 2011 జనవరి నుండి దేశమంతట కలదు. 1900 సంఖ్యకు సందేశము పంపి ఆ పనిని ప్రారంభింపవచ్చును. కాని ప్రకటన చూచి కాక, ఇంటిలోను పొలములోను ఏ కంపెనీ సంకేతము బాగుగ నందునో ఇరుగుపొరుగువారి నడిగి మారుట వివేకము. పట్టణమున దివ్యముగ నున్న సేవ పల్లెలో శూన్యము కావచ్చును.

వాడిన ఫోనును కొనుటయు నామోషీ కాదు. లెక్క కుదిరిన అదియే ఉత్తమము. అయితే దొంగసొత్తు కాదని రూఢి చేసికొనవలెను. స్టార్, హ్యాష్, సున్న, ఆరు, హ్యాష్ అను మీటలను వరుసగ నొక్కిన పదునైదు అంకెల గుర్తింపు సంఖ్య కనబడును. 2023లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన సంచార్ సాథీలో ఆ సంఖ్యను పరీక్షింపవచ్చును. ఏ ఫోను కొన్నను బిల్లు తీసికొనవలెను. బిల్లు లేకుండ కొంత తగ్గింతుమనువాడు వారంటీ హక్కును తగ్గించుచున్నాడు. అన్యాయము జరిగినచో 1915 సంఖ్యకు ఫిర్యాదు చేయవచ్చును. అప్పుడును మొదట కావలసినది బిల్లే.

పాత ఫోను గతి యేమి? అందులోని చిత్రములను, ఖాతాలను పూర్తిగ తుడిచివేసిన పిమ్మటనే ఇతరుల కీయవలెను. పనికిరానిచో చెత్తకుప్పలో వేయరాదు. విద్యుత్ పరికరముల వ్యర్థములను సేకరించువారికే యీయవలెను. బ్యాటరీలోని కోబాల్టు అధికభాగము ఆఫ్రికాలోని కాంగో దేశపు గనుల నుండి వచ్చుచున్నది. అక్కడ బాలురు సైతము మట్టి త్రవ్వుచున్నారన్న సంగతి లోకవిదితము. ఫోనును ఒక్క యేడాది ఎక్కువ వాడినవాడు తన సొమ్మునే గాక భూమి సొమ్మును గూడ మిగిల్చినవాడగును.

"తోటివారి చేతిలో క్రొత్త ఫోనుండగా పాతదానితో పోవుట చిన్నతనము" అని కొందరు బాలురందురు. ఆ బాధ నిజమైనదే. దానిని నవ్వి త్రోసివేయరాదు. కాని క్రొత్త ఫోను కొన్ని నెలలలోనే పాతదగును, అప్పుడు చిన్నతనము మరల వచ్చును. వాయిదా మాత్రము ఏడాది పొడవున వచ్చుచునే యుండును. ఆ వాయిదా కట్టుటకు తండ్రి ఎన్ని దినములు అధికముగ పని చేయవలెనో లెక్కించిన బాలునికి, ఫోను వెల రూపాయలలో కాక మరియొక కొలతలో కనబడును.

మంచమున్నంత వరకే కాళ్ళు చాచవలెనని పెద్దలందురు. కోరిక నెల్ల చంపుకొనుడని యీ మాటకు అర్థము కాదు. కొలిచి చూచుకొనుడని యర్థము. అంగడిలో దీపముల వెలుగున ఫోనులన్నియు అందముగనే యుండును. చిన్న అక్షరములను చదివి, గుణించి, కూడి, ఇంటివారికి ఉన్నదున్నట్లు చెప్పు విద్యార్థి యొకడు ప్రక్కనున్న యెడల ఆ కుటుంబము మోసపోదు. తల్లిదండ్రులు పిల్లలను బడికి పంపినది ఇట్టి దినమున తోడుండుటకు గూడ.