మాజీ సైనికులకు పింఛను సరే, మనసు మాటేమిటి?

గూడూరు: సైన్యం నుండి రిటైరై వచ్చిన జవానుకు ప్రభుత్వం ఏమిస్తుందో గ్రామాల్లో అందరికీ తెలుసు. పింఛను, కాంటీను కార్డు, ఉద్యోగాల్లో రిజర్వేషను, 2003 నుండి వైద్యానికి ఇ.సి.హెచ్.ఎస్. పథకం. 2015లో ‘ఒకే ర్యాంకు - ఒకే పింఛను’ ప్రకటించాక సొమ్ము విషయంలో కొంత ఊరట కలిగింది. ఐతే ఇవన్నీ పొట్టకు, ఒంటికి సంబంధించినవి. పదిహేను, పదిహేడేళ్ళు సైన్యంలో గడిపి, నలభై నిండకముందే ఇల్లు చేరిన మనిషి మనసులో ఏమున్నదో రాసే గడి ఏ దరఖాస్తు ఫారంలోనూ కనిపించదు.

రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేవడం, పెళ్ళి ఊరేగింపులో టపాకాయ పేలితే చెమటలు పట్టడం, పిల్లలపై కారణం లేకుండా విరుచుకుపడడం, నలుగురిలో కలవలేకపోవడం - ఇవి జబ్బు లక్షణాలు కావచ్చునని డాక్టర్లు అంటారు. ఊళ్ళో మాత్రం “మిలిటరీ ఆయనకు కోపమెక్కువ” అని సరిపెడతారు. కాంటీను రమ్ము ధర ఊరందరికీ తెలుసు గాని, అది తాగే మనిషికి నిద్ర లేదన్న సంగతి ఇంటి ఇల్లాలికే తెలుసు. ఆమె బయటకు చెప్పదు. సైన్యంలో పని చేసిన వారందరికీ ఈ బాధ ఉంటుందని కాదు. ఉన్నవారికి చెప్పుకునే చోటు లేదు, అదీ సమస్య.

ఇటువంటి వారికి చిత్రలేఖనం, మట్టిపని, పాట వంటివి చికిత్సలో భాగంగా ఉపయోగించే పద్ధతి ఒకటున్నది. దీనికి ‘ఆర్ట్ థెరపీ’ అని 1942లో పేరు పెట్టినవాడు ఏడ్రియన్ హిల్ అనే ఆంగ్లేయ చిత్రకారుడు. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడు. అక్కడి దృశ్యాలను బొమ్మలుగా వేశాడు. తరువాత క్షయవ్యాధితో ఆస్పత్రిలో పడి ఉన్నప్పుడు కాలక్షేపానికి కుంచె పట్టి, తనకు కలిగిన మేలు చూసి తోటి రోగులకూ నేర్పాడు.

అమెరికాలో వాల్టర్ రీడ్ సైనిక ఆస్పత్రి ఆవరణలో 2010లో ఒక ప్రత్యేక కేంద్రం ప్రారంభమైంది. ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్ యుద్ధాలలో తలకు దెబ్బలు తగిలి, మనోవ్యథతో తిరిగి వచ్చిన సైనికులకు అక్కడ ఖాళీ ముఖం తొడుగులు ఇచ్చి, మీకు తోచినట్లు రంగులు వేయమన్నారు. చీలిన ముఖాలు, నోరు కట్టేసిన ముఖాలు తయారైనాయి. సంవత్సరాల తరబడి భార్యకు చెప్పలేని మాటను, ఆ తొడుగు చేతికిచ్చి చెప్పగలిగినవారున్నారు. భయంకరమైన అనుభవం చాలామందికి మాటల్లోకి ఒదగదు. ముందు చేతిలోంచి బయటికి వస్తే, నోరు తరువాత విప్పవచ్చు. ఈ చికిత్సలోని కిటుకు ఇంతే.

ముఖం తొడుగుల కోసం మనం అమెరికా వెళ్ళనక్కరలేదు. మొన్నటివరకు మన వరంగల్ జిల్లాలోనే ఉండి, 2016లో సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాలలో నకాషీ కళాకారులు రంపపు పొట్టు, చింతగింజల పిండితో తరతరాలుగా వీటిని చేస్తున్నారు. చేర్యాల పటం సంగతి మరీ ముఖ్యం. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క ఘట్టం వేసి, చుట్ట విప్పుతూ కథ చెప్పడం ఆ పటం పద్ధతి. ఒక జవాను తన బతుకును అలా గడులు గడులుగా వేసుకుంటే, ఇల్లు ఒక గడి, మంచు కొండ ఒక గడి, పక్కన నిలబడి పడిపోయిన తోటివాడు ఒక గడి, అది కథా అవుతుంది, చికిత్సా అవుతుంది. జనగామ పక్కనే పెంబర్తి ఇత్తడి పని ఉన్నది. గూడూరు ప్రాంతపు తండాల్లో అద్దాల కుట్టుపని ఉన్నది. గురువులకు కొదవ లేదు.

మన దేశంలోనూ దారి కొత్తది కాదు. పూనా వద్ద కిర్కీలో, వెన్నెముక దెబ్బతిన్న సైనికుల కోసం 1974లో నెలకొల్పిన పునరావాస కేంద్రంలో, నోటితో కుంచె పట్టి చిత్రాలు వేసినవారున్నారు. గాయపడిన వారికి మందుతోబాటు పని కూడా కావాలని సైన్యానికి తెలుసు. ఆ తెలివి గ్రామం దాకా రాలేదు.

అమరుల కుటుంబాల పట్ల ప్రభుత్వం ఊరకున్నదనడం సరికాదు. 2020 జూన్‌లో గాల్వన్ లోయలో ప్రాణాలర్పించిన సూర్యాపేట వాసి కర్నల్ సంతోష్‌బాబు కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం రు. 5 కోట్లు, ఇంటి స్థలం, భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. ఇవ్వవలసినదే. కాని పేరు పత్రికలకెక్కని జవాను భార్య, కాల్పుల్లో గాక జబ్బుతోనో, ప్రమాదంలోనో భర్తను పోగొట్టుకున్న ఇల్లాలు, దుఃఖాన్ని ఎవరి ముందు పెట్టుకోవాలి?

ఒక జాగ్రత్త అవసరం. ఏటా డిసెంబరు 7న పతాక దినం నాడు నాలుగు రంగు డబ్బాలు పంచి, దండలు వేసి, ఫొటోలు తీయించుకుంటే అది చికిత్స కాదు. పాత గాయాన్ని తెలియక కెలికితే హాని జరుగుతుంది. బొమ్మ మందుకు బదులు కాదు, మందుకు తోడు. కనుక నకాషీ కళాకారుని పక్కన మానసిక వైద్యుడు ఉండి తీరాలి. వరంగల్ ఎం.జి.ఎం. ఆస్పత్రి ఉండనే ఉన్నది. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనాయి. నెలకు రెండు పర్యాయాలు భార్యాభర్తలిద్దరినీ పిలిచి కూర్చోబెట్టడానికి కొత్త భవనాలు అవసరం లేదు. సైనిక సంక్షేమ శాఖ, వైద్య కళాశాల ఒక మాట మీదికి వస్తే చాలు. గూడూరు నుండి నర్సంపేట మీదుగా వరంగల్ పోయి రావడానికి ఒక రోజు కూలి పోతుంది. అందుచేత మహబూబాబాద్‌లో పెడితే ఈ ప్రాంతం వారికి మేలు.

ఈలోగా ఉన్నవాటిని వాడుకోవచ్చు. మనసు బాగోలేనివారు, వారి ఇంటివారు 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు. ఫోనుకు రుసుం లేదు. సైనికుల కుటుంబాల కోసం 2023 డిసెంబరులో పూనా సైనిక వైద్య కళాశాలలో ఈ సేవకే ప్రత్యేక విభాగం తెరిచారు. హవల్దారు స్థాయి వరకు పనిచేసిన వారి వితంతువులకు వృత్తి శిక్షణ నిమిత్తం ఒకే పర్యాయం ఇచ్చే కేంద్ర గ్రాంటును 2023లో రు. 20 వేల నుండి రు. 50 వేలకు పెంచారు. చేర్యాల పటం, పెంబర్తి ఇత్తడి పని, లంబాడీ కుట్టు నేర్చుకోవడం కూడా ఈ శిక్షణ కిందికి వస్తాయో రావో సైనిక సంక్షేమ అధికారులు స్పష్టంగా ప్రకటించాలి. దరఖాస్తు చేయదలచినవారు భర్త డిశ్చార్జి పుస్తకం, వితంతువు గుర్తింపు కార్డు వెంట తీసుకువెళ్ళి ఆ కార్యాలయంలోనే అడగడం మంచిది.