"ఇగ్నోర్‌కేస్ ఫాల్స్ పెట్టుకో, పోతుంది" - ఏం పోతుంది?

మా హయత్‌నగర్‌ని ఇంగ్లీషులో 'టీ' పక్కన 'హెచ్' పెట్టీ రాస్తారు, పెట్టకుండానూ రాస్తారు. బోర్డు మీద ఏదున్నా జనం బస్సెక్కేస్తారు. లినక్స్ అలా సర్దుకోదు మరి.

విండోస్‌లోనో మ్యాక్‌లోనో ఓ ఫైలు పేరులో చిన్న 'హెచ్'ని పెద్ద 'హెచ్' చేశారనుకోండి. గిట్ కిమ్మనదు. ఇంపోర్టు లైన్ మాత్రం పెద్ద 'హెచ్'తో వెళ్ళిపోతుంది. మన మెషీన్‌లో భేషుగ్గా నడిచిందల్లా లినక్స్ బిల్డ్ సర్వర్‌లో "ఆ ఫైలే లేదు" అంటూ చతికిలబడుతుంది. అర్ధరాత్రి ఫోను ఎవరికొస్తుందో చెప్పక్కర్లేదు.

అప్పుడు ప్రతి టీంలోనూ ఓ సీనియర్ గారు సెలవిచ్చేదే పై సలహా. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. క్లోన్ చేసేటప్పుడే గిట్ మన డిస్కు తీరు చూసుకుని ఆ సెట్టింగు తనే పెట్టుకుంటుంది. మారిస్తే ఊహించనివి జరగొచ్చని గిట్ డాక్యుమెంటేషన్లోనే ఉంది. సెట్టింగు మార్చినంత మాత్రాన డిస్కు మారుతుందా? ఒకే ఫైలు రెండు పేర్లతో రిపాజిటరీలో చేరుతుంది. రేపు విండోస్‌లో క్లోన్ చేసుకున్నవాడికి రెంటిలో ఒకటే దక్కుతుంది (2018లో వచ్చిన 2.20 నుంచి గిట్ హెచ్చరికైనా ఇస్తోంది, అదే పదివేలు). పేరు మార్చాలంటే 'గిట్ ఎమ్‌వీ' ఉంది. అది మొరాయిస్తే మధ్యలో ఓ డమ్మీ పేరు పెట్టి రెండుసార్లు మార్చండి, అంతే.

"ఇంత చిన్నదానికి ఇంత గోలా?" అనకండి. 2014 డిసెంబరులో బయటపడ్డ సెక్యూరిటీ లోపం ఇదే. రిపాజిటరీలో '.గిట్' ఫోల్డరు పేరుని పెద్ద అక్షరాలతో పెడితే, విండోస్, మ్యాక్‌లలో అది అసలు '.గిట్' మీదే వచ్చి కూర్చునేది. అంటే ఎవడిదో రిపాజిటరీ తెచ్చుకుంటే వాడి కమాండ్లు మన మెషీన్‌లో నడిచేవన్నమాట!

తెలుగులో పెద్దా చిన్నా అక్షరాల్లేవుగా, తెలుగు పేర్లు పెట్టేసుకుందామా? అక్కడా సుఖం లేదు. 'హైదరాబాద్'లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒక కోడుతోనూ రాయొచ్చు, రెండు కోడ్లు కలిపీ రాయొచ్చు. కంటికి ఒకటే, బైట్లు వేరు.

కాబట్టి ఆపాల్సింది గుమ్మం దగ్గరే. అన్నిటినీ చిన్న అక్షరాల్లోకి మార్చి చూస్తే ఒకటయ్యే పేర్లు రెండుంటే, సర్వర్‌లో ఓ హుక్ ఆ పుష్‌ని తిప్పికొట్టాలి. మెర్జ్‌కి ముందే లినక్స్‌లో బిల్డ్ అవ్వాలి. ఒక పూట పని. నేనిది అడిగిన చోట "డెవలపర్లు ఫైలు పేర్ల విషయంలో జాగ్రత్తగా ఉండవలెను" అని అందరికీ మెయిలొచ్చింది. హుక్ ఇంకా రాలేదు.