కంచె బయట నిలబడ్డవాడల్లా గూఢచారేనా?

మొన్న మా టీమ్ కుర్రాడొకడు ఆఫీసుకి కొత్త కెమెరా తెచ్చాడు. దాని ముందు మోచేయంత లెన్సు. రెండు నెలల జీతం పోశాట్ట. "అన్నా, యుద్ధ విమానాల ఫోటోలు తియ్యడం నేర్చుకుందామని కొన్నా. ఎక్కడికెళ్ళాలి?" అనడిగాడు. సెట్టింగుల గురించి అడిగితే గంటసేపు వాయించేవాణ్ణి. ఎక్కడికెళ్ళాలి అనేసరికి మాత్రం నోరు పెగల్లేదు. ఉన్నది బెంగుళూరు, పక్కనే యలహంక వాయుసేన స్థావరం. అయినా నేను చెప్పగలిగిందేంటంటే, "రెండేళ్ళకోసారి ఏరో ఇండియా వస్తుంది, అందాకా గద్దల్ని తియ్యి". వాడు జోకనుకుని నవ్వాడు. జోకు కాదు బాబూ, అదే మన పరిస్థితి!

నేనీ విద్య నేర్చుకుంది ఇంగ్లాండులో. ప్రాజెక్టు పనిమీద వెళ్ళినప్పుడు, లేకెన్‌హీత్ అనే ఊరి దగ్గర. పేరుకి బ్రిటిష్ వాయుసేన స్థావరం, లోపలుండేది మాత్రం అమెరికా వాళ్ళ 48వ ఫైటర్ వింగ్. ఎఫ్-15ఈలు, ఎఫ్-35ఏలు అక్కణ్ణుంచే ఎగురుతాయి. తెలివితక్కువగా మొదటిసారి శనివారం వెళ్ళాను. ఒక్క విమానమూ లేవలేదు. కుక్కని తిప్పుతున్న ఓ పెద్దాయన జాలిపడి, "వాళ్ళకీ శని, ఆదివారాలు సెలవేనబ్బాయ్" అన్నాడు. రెండోసారి మేనేజరుకి ఒంట్లో బాలేదని చెప్పి మంగళవారం వెళ్ళాను. (ఆయన తెలుగు చదవలేడు కాబట్టి ధైర్యంగా రాస్తున్నా.)

అక్కడ కంచె బయట ఎంతమంది జనమో! రిటైరైన ముసలాళ్ళు, మడత కుర్చీలు, ఫ్లాస్కుల్లో టీ, కంచె పైనుంచి తియ్యడానికి చిన్న చిన్న నిచ్చెనలు. కాసేపటికి పోలీసు బండొచ్చి ఆగింది. మన ప్రాణాలు పైకే పోయాయి. అసలే పరాయి దేశం, చేతిలో చూస్తే ఇంత లెన్సు. వాళ్ళు దిగి, "దారికడ్డంగా కార్లు పెట్టకండి" అని చెప్పి, ఎవరితోనో వాతావరణం గురించి రెండు ముక్కలు మాట్లాడి వెళ్ళిపోయారు. అంతే!

ఆరోజు ఆరువందల ఫ్రేములు తీశాను. పనికొచ్చినవి నాలుగు. మిగతావాటిలో తోక ఉంటే ముక్కు లేదు, ముక్కు ఉంటే ఫోకస్ లేదు, ఫోకస్ ఉంటే ఆకాశం వెలుగుకి విమానం బొగ్గుముక్కలా ఉంది. ఆ కుర్చీల బ్యాచిలో ఒకాయన నా తంటాలు చూసి నేర్పాడు. పాదాలు విమానం వచ్చే వైపు కాదు, షట్టరు నొక్కాలనుకున్న వైపు పెట్టాలి. నడుము మెలితిప్పి దూరం నుంచే దాన్ని వ్యూఫైండర్లో పట్టుకుని దాంతోపాటు తిరగాలి, నొక్కాక కూడా తిరగడం ఆపకూడదు. వెనక తెల్లటి ఆకాశముంటే ఎక్స్‌పోజర్ కొంచెం పెంచుకోవాలి. జెట్‌కి సెకనులో వెయ్యో వంతు చాలు. ప్రొపెల్లర్ విమానానికి అదే వేగం వాడితే రెక్కలు గడ్డకట్టి గోడకి మేకు కొట్టి తగిలించిన బొమ్మలా ఉంటుంది, అంచేత దానికి రెండువందలో వంతుకి దిగాలి. ఆ వేగంలో చెయ్యి వణికితే అంతా అలుక్కుపోతుంది. ఇక మిట్టమధ్యాహ్నం రన్‌వే మీంచి వేడి లేచి ఫోటో నీళ్ళలో తీసినట్టొస్తే లెన్సుని తిట్టుకోకూడదు, పొద్దున్నే రావాలి.

ఇవన్నీ ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి కదా అంటారా? దొరుకుతాయి, కానీ చేతికి రావు. అదే కంచె, అదే రన్‌వే, అదే మలుపు దగ్గర వారం వారం నిలబడి, పాడుచేసి, ఇంటికెళ్ళి చూసుకుని, మళ్ళీ వెళ్తే వస్తాయి. మన భాషలో చెప్పాలంటే రాయడం, రన్ చెయ్యడం, ఎర్రర్ చూసి దిద్దుకోవడం. రెండేళ్ళకోసారి మాత్రమే కంపైలయ్యే మెషీను మీద మనలో ఎవరైనా కోడింగ్ నేర్చుకోగలిగేవాళ్ళా?

ఇప్పుడు మన సంగతి. ఇండియా వచ్చిన కొత్తలో మన దగ్గరే ఒక స్థావరానికి దూరంగా, రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర నిలబడి, దిగుతున్న శిక్షణ విమానాన్ని తీశాను. పది నిమిషాల్లో ఇద్దరొచ్చారు. మూడు గంటలు కూర్చోబెట్టి, కార్డు మొత్తం చెరిపించి (అందులో మా పాప పుట్టినరోజు ఫోటోలూ ఉన్నాయి), "చదువుకున్నవాడివి, నీకిదేం బుద్ధి?" అని క్లాసు పీకి పంపారు. వాళ్ళని తప్పుపట్టను, వాళ్ళ చేతికిచ్చిన చట్టం అలాంటిది. 1923 నాటి అధికార రహస్యాల చట్టంలో 'స్కెచ్' అంటే ఫోటో కూడా. సైనిక స్థావరానికి సంబంధించిన నేరమైతే పద్నాలుగేళ్ళ దాకా జైలు. దేశానికి హాని చేసే ఉద్దేశం ఉండాలని చట్టమే చెప్తుంది, నిజమే. కానీ ఫలానా పని చేశాడని రుజువు కాకపోయినా, పరిస్థితుల్ని బట్టీ, నడతను బట్టీ ఆ ఉద్దేశం ఉందని నిర్ణయించవచ్చని కూడా అదే చెప్తుంది. మోచేయంత లెన్సు పట్టుకున్నవాడి నడత ఎలా కనిపిస్తుందో మీరే చెప్పండి!

మన చట్టానికి మూలం బ్రిటిష్ వాళ్ళ 1911 చట్టం. దాన్ని వాళ్ళు 2023లో కొత్త చట్టం తెచ్చి రద్దు చేసుకున్నారు. కొత్తదాంట్లోనూ నిషిద్ధ స్థలాలున్నాయి, శిక్షలున్నాయి. అయినా లేకెన్‌హీత్ కంచె పక్కన టీ తాగుతున్నవాడు ఎవరో, గూఢచారి ఎవరో తేడా తెలుసుకునే ఓపిక వాళ్ళకుంది. "ఫారిన్లో అంతా స్వేచ్ఛేనండీ" అనే ఎన్నారై మిత్రులకి కూడా ఒక మాట. 2001 నవంబరులో గ్రీసులోని కలమాటాలో పన్నెండుమంది బ్రిటిష్ వాళ్ళనీ, ఇద్దరు డచ్చి వాళ్ళనీ ఇలాంటి సరదాకే గూఢచర్యం కింద అరెస్టు చేశారు. 2002 ఏప్రిల్లో శిక్షలు వేశారు, అదే ఏడు నవంబరులో అప్పీల్లో అందర్నీ వదిలేశారు. పిచ్చి ఎవడి సొంతమూ కాదు.

ఇంతా చేసి దాస్తున్నదేంటి? 2005 అక్టోబరులో రాష్ట్రపతి కలాం గారు మన హైదరాబాదులోనే పోలీసు అధికారుల ముందు గూగుల్ ఎర్త్ గురించి ఆందోళన వెలిబుచ్చారు. అప్పట్నుంచీ ఆకాశంలో కళ్ళు పెరిగాయే కానీ తగ్గలేదు. దుండిగల్లో ఎగిరే పీసీ-7 మార్క్ 2 స్విట్జర్లాండు కంపెనీ తయారీ. 2012లో 75 కొనడానికి ఒప్పందం చేసుకున్నాం. దాని పొట్ట కింద ఏముందో నేను ఫోటో తీసి పాకిస్తాన్‌కి చెప్పాలా?

"పఠాన్‌కోట్ మర్చిపోయావా?" అంటారు. మర్చిపోలేదు. 2016 జనవరిలో ఉగ్రవాదులు లోపలికి చొరబడింది కెమెరాల్తో కాదు. 2025 మేలో సరిహద్దులు రగిలినప్పుడు సైన్యం కదలికల్ని వీడియోలు తీసి పెట్టొద్దని ప్రభుత్వం చెప్పింది, నూటికి నూరుపాళ్ళు సబబు. అలాంటి రోజుల్లో అన్నీ మూసెయ్యండి. సరిహద్దు స్థావరాల జోలికి అసలే రాము.

మేమడిగేది చిన్నది. దుండిగల్ లాంటి శిక్షణ స్థావరం దగ్గర, విమానాలు దిగే దారి కనపడేచోట, షెడ్లు కనపడనిచోట, ఒక మట్టిదిబ్బ. నెలకో రోజు. ఆధార్ చూపించి పేరు రాయించుకుని రుసుము కడతాం. ఫోటోలు వారం తర్వాతే బయట పెట్టాలంటే సరే. అనుమానమొస్తే కార్డు చూసుకోండి. రోజూ వచ్చే పాతికమంది ముఖాలు తెలిస్తే కొత్తగా వచ్చిన తేడా మనిషి మీకంటే ముందు మాకే కనపడతాడు.

చూడాలన్న ఆకలి జనంలో లేదనుకోకండి. 2024 అక్టోబరు 6న చెన్నై మెరీనాలో వాయుసేన ప్రదర్శనకి లక్షల్లో వచ్చారు. ఆ ఎండకీ, తోపులాటకీ ఐదుగురు చనిపోయారు. ఏడాది పొడుగునా తలుపులన్నీ బిగించి ఒక్కరోజు ఒక్క కిటికీ తెరిస్తే జనం అక్కడే పడతారు మరి.

అందాకా మా కుర్రాడికీ, మీలో లెన్సు కొన్నవాళ్ళకీ ఒకటే సలహా. డాబా ఎక్కి స్థావరం వైపు గురిపెట్టకండి, ఉద్యోగమూ పోతుంది, పాస్‌పోర్టూ ఇరుక్కుంటుంది. ఏరో ఇండియాకి వెళ్ళండి, విశాఖ ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాలకి వెళ్ళండి. మిగతా రోజుల్లో గద్దలున్నాయి. నిజంగానే చెప్తున్నా, మలుపు తిరిగే గద్దని పట్టుకోగలిగితే తేజస్‌నీ పట్టుకోగలరు. గద్దకింకా అధికార రహస్యాల చట్టం వర్తించదు :)