ధర కుదిరాక మొదలయ్యే బేరం

నారాయణరావుపేట పరిసరాల్లో వరి కోతలు ముమ్మరంగా సాగే పక్షం రోజుల్లో ధాన్యం బేరాలు మూడు చోట్ల నడుస్తాయి. కోతమిషన్ దిగీ దిగకముందే పొలం గట్టున ఒక బేరం. రోడ్ల వెంట ఆరబోసిన కుప్పల నడుమ, సర్కారు కొనుగోలు కేంద్రం దగ్గర రెండోది. సిద్దిపేట మార్కెట్ యార్డు దాకా తెచ్చుకోగలిగిన సరుకుకు అక్కడ మూడోది. సరుకు ఒకటే, అమ్మేవాడూ ఒకడే, బేరం తీరు మాత్రం మూడు చోట్లా మూడు రకాలు. ఏ తీరు ఎవరికి లాభమన్న చర్చ వచ్చినప్పుడల్లా వ్యాపారస్తులు క్వింటాలు ధరలు పక్కపక్కన పెట్టి పోల్చుతారు. పొరపాటంతా ఆ పోలికలోనే ఉన్నది.

పాత పద్ధతులలో అందరికీ గుర్తున్నది తువ్వాల కింది బేరం. కొనేవాడు, దళారి ఒక గుడ్డ కింద చేతులు కలుపుతారు. వేళ్లు పట్టుకుని అంకె చెబుతారు. ఆ అంకె పదులా, వందలా అన్నది ఇద్దరికీ ముందే తెలుసు. పక్కన నిలబడ్డవాడికి ఏమీ తెలియదు. పశువుల అంగళ్లలో ఈ తీరు ఇప్పటికీ కనిపిస్తుంది. దీనిని సమర్థించేవారి వాదన పూర్తిగా కొట్టివేయదగినది కాదు. ఒకరి సరుకుకు ఎక్కువ, పక్కవాడి సరుకుకు తక్కువ పలికితే పేచీ రాకుండా గుడ్డ కాపాడుతుందని వారంటారు. నిజమే. కాని ధాన్యం బేరాలలో గుడ్డ కింద ఉన్న రెండు చేతుల్లో రైతు చెయ్యి సాధారణంగా ఉండేది కాదు. కొనేవాడిదొకటి, అడ్తిదారుదొకటి. సరుకు గలవాడు పక్కన నిలబడి ఇద్దరి ముఖాలూ చూసి ధర ఊహించుకోవలసిందే.

1928 నాటి వ్యవసాయ రాయల్ కమిషన్ నియంత్రిత మార్కెట్లు పెట్టాలని సిఫారసు చేసింది. హైదరాబాద్ సంస్థానంలో 1930లో మార్కెట్ల చట్టం వచ్చింది. తర్వాత 1966 నాటి ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం దాని స్థానంలోకి వచ్చింది. కాంటా, లైసెన్సు, తక్‌పట్టీ, మార్కెట్ ఫీజు కొనుగోలుదారే కట్టాలన్న నియమం, ఇవన్నీ ఆ చట్టాల చలవే. గుడ్డ పోయి పాట వచ్చింది.

పాట వచ్చినంత మాత్రాన పోటీ వచ్చిందని అనుకోవడం తొందరపాటు. ఖమ్మం మిర్చి మార్కెట్‌లో జెండా పాట సంగతి ఈ పేజీ చదివేవారికి కొత్త కాదు. ఉదయం మేలు రకం సరుకు ఒకదానికి జెండా దగ్గర పాట పెడతారు. అక్కడ పలికిన ధర ఆ రోజు గరిష్ఠ ధర. పేపర్లలో పడేదీ అదే. ఆ తర్వాత మిగిలిన బస్తాలకు ఒక్కొక్క కుప్ప దగ్గర విడివిడిగా బేరాలు సాగుతాయి. రంగు తక్కువ, తాలు ఎక్కువ అంటూ ధర దిగుతూ పోతుంది. జెండా ధర చూసి బండి కట్టిన రైతుకు ఆ ధర దక్కేది అరుదు. 2017 ఏప్రిల్ 28న అదే యార్డులో మిర్చి ధరలు పడిపోయినప్పుడు రైతుల ఆగ్రహం కార్యాలయాల ధ్వంసం దాకా పోయింది. ఆ పతనానికి జెండా పాట కారణమని ఎవరూ అనరు. అయితే రోజూ పైధర ఒకటి చూపి, చేతికి మరొకటి ఇచ్చే చోట కోపం ముందే పేరుకుని ఉంటుంది.

ఒకరి ధర ఒకరికి తెలియకుండా చీటీ రాసి డబ్బాలో వేసే టెండరు పద్ధతి దీనికన్నా మేలని చాలామంది భావించారు. ఆ చీటీయే కంప్యూటరు మీదికి ఎక్కి ఇ-నామ్ అయింది. 2016 ఏప్రిల్ 14న 8 రాష్ట్రాల్లోని 21 మార్కెట్లతో అది మొదలైనప్పుడు నిజామాబాద్ కూడా అందులో ఉన్నది. యంత్రం వల్ల ధర పెరుగుతుందా అన్న ప్రశ్నకు కర్ణాటక అనుభవం కొంత జవాబిచ్చింది. అక్కడి మార్కెట్లన్నిటినీ ఒకే వేదిక మీదికి తెచ్చాక వడ్ల ధర 5.1 శాతం, వేరుశెనగ ధర 3.6 శాతం, మొక్కజొన్న ధర 3.5 శాతం పెరిగినట్లు 2020లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. అదే పరిశోధకులు అక్కడి ఒక పప్పుధాన్యాల మార్కెట్‌లో మరో ప్రయోగం చేశారు. మొదట అందరూ చీటీలు వేస్తారు. పై ధరలు వేసినవారిని మళ్లీ పిలిచి, పెంచుకునే అవకాశం ఇస్తారు. దానితో ధర ఇంకా దాదాపు 4.7 శాతం పెరిగింది. సరుకు అదే, వ్యాపారులు వారే, అడిగే పద్ధతి మారేసరికి వంద మీద నాలుగైదు రూపాయలు చేతులు మారాయి. బేరం పద్ధతి ఏదైతేనేమి, గిరాకీయే ధర నిర్ణయిస్తుందనే పెద్దమనుషులు ఈ అంకెను కాస్త గమనించాలి.

కాని అదే ఖరీదుదారులు నలుగురు ఉదయం ఒకే హోటలులో చాయ్ తాగి వచ్చి పాటలో నిలబడితే ఏ యంత్రమూ అక్కరకు రాదు. ఢిల్లీ శివారులోని నరేలా మార్కెట్‌లో గోధుమల వేలాలను పరిశీలించి బెనర్జీ, మీనాక్షి 2004లో ప్రచురించిన అధ్యయనం కొనుగోలుదారుల కుమ్మక్కు ఆనవాళ్లను బయటపెట్టింది. అది ఢిల్లీకే పరిమితమైన జబ్బని ఈ వృత్తిలో ఉన్నవారెవరూ నమ్మరు.

ఇక నారాయణరావుపేట వడ్ల సంగతి. ఇక్కడ ధర మీద బేరమే లేదని మొదట అనిపిస్తుంది. 2025-26 సీజనుకు కేంద్రం ఏ గ్రేడు వడ్లకు క్వింటాలుకు 2,389 రూపాయలు, సాధారణ రకానికి 2,369 రూపాయలు మద్దతు ధర ప్రకటించింది. కొనుగోలు కేంద్రంలో బోర్డు మీద ధర రాసి ఉంటుంది. ఒక్క రూపాయి ఎక్కువా లేదు, తక్కువా లేదు. అయినా కుప్ప దగ్గర వాదన ఆగదు.

"తేమ ఎక్కువున్నది."

"నిన్ననే చూసిన్రు గదనే, పదిహేడే వచ్చింది."

"ఇయ్యాల మబ్బు పట్టింది. మిల్లుకు పోతే ఒప్పుకోరు. మూడు కిలోలు తీస్తనే లారీ ఎక్కుతది."

బేరం ఇదే. ధర స్థిరపడగానే బేరం ధరను వదిలి తరుగులోకి దిగింది. తేమ, తాలు, సంచి బరువు, లారీ ఎప్పుడొస్తుంది, డబ్బు ఎప్పుడు పడుతుంది, ఇవన్నీ ఇప్పుడు బేరపు సరుకులు. నిబంధనల ప్రకారం వడ్లలో తేమ 17 శాతం దాకా ఉండవచ్చు. పక్వం కాని, ముడుచుకున్న గింజ 3 శాతం, మట్టి, రాళ్లు 1 శాతం మించకూడదు. ఈ హద్దుల్లో ఉన్న సరుకుకు తరుగు తీయడానికి తావే లేదు. హద్దు దాటిన సరుకుకు ఎంత తీయాలన్నది కుప్ప దగ్గర ఎవరి నోరు పెద్దదైతే వారి మాట.

క్వింటాలుకు 2 కిలోల తరుగు తీస్తే 2,389 రూపాయల ధర 2,341 అవుతుంది. మూడు కిలోలైతే 2,317. డబ్బు పదిహేను రోజులు ఆలస్యమైతే, ఊళ్లో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ లెక్కన మరో 23 రూపాయలు పోతాయి. అంటే రెండు కిలోల తరుగూ, పదిహేను రోజుల జాప్యమూ కలిస్తే రైతు చేతికి నిజంగా వచ్చేది 2,318. ఇప్పుడు పొలం గట్టున నిలబడ్డ ఖరీదుదారు తరుగు లేకుండా, చేతిలో పైకం పెట్టి 2,320 ఇస్తానన్నాడనుకుందాం. ఊరంతా అతనిని 69 రూపాయలు మింగినవాడంటుంది. లెక్క ప్రకారం అతను రెండు రూపాయలు ఎక్కువే ఇస్తున్నాడు. అతనే మొదట 2,320 అని చెప్పి, కాంటా దగ్గర మళ్లీ రెండు కిలోలు తీస్తే మాత్రం ఊరు అన్నమాట అక్షరాలా నిజం. ఇలాంటి ఖరీదుదారులు ఎందరో, అలాంటివారు ఎందరో ఈ పేజీ పాఠకులకు చెప్పనవసరం లేదు.

తేమ లెక్క కూడా నోటి లెక్క కానక్కరలేదు. 20 శాతం తేమ గల 100 కిలోల వడ్లు 17 శాతానికి ఆరితే 96.4 కిలోలు మిగులుతాయి. 22 శాతం సరుకైతే 94 కిలోలు. అంటే 17 దాటిన ప్రతి శాతానికి సుమారు కిలో 200 గ్రాములు. శాతానికి ఒక కిలో చొప్పున తీసే వ్యాపారి వాస్తవానికి నష్టపోతున్నాడు. ఆరబెట్టే కూలి అదనం. 20 శాతం సరుకుకు అయిదు కిలోలు తీసేవాడు నీటి పేరుతో కిలోకు పైగా బియ్యపుగింజ తీసుకుంటున్నాడు. ఇద్దరూ ఒకే యార్డులో, ఒకే మాటతో వ్యాపారం చేస్తున్నారు కాబట్టి మొదటివాడికి రావలసిన మంచి పేరు రావడం లేదు.

పత్తిలో ఈ గొడవ ఇంత లేదు. కారణం లెక్క ముందే కాగితం మీద ఉండటం. 2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర 8,110 రూపాయలు. 8 శాతం తేమకు పూర్తి ధర, ఆ పైన ప్రతి శాతానికి 81 రూపాయల కోత, 12 దాటితే సీసీఐ కొనదు. ఆ 12 దగ్గర రైతులకు ఫిర్యాదులు చాలా ఉన్నాయి, అవి న్యాయమైనవే. కాని మీటరు మీద 10 చూపితే ఎంత వస్తుందో రైతుకూ తెలుసు, కాంటా మీద ఉన్నవాడికీ తెలుసు. బేరమాడే సమయం ఇద్దరికీ మిగులుతుంది. వడ్లకు కూడా ఇలాంటి పట్టికను కేంద్రం గోడ మీద, మిల్లు గేటు మీద రాయడానికి ఏ చట్టమూ మార్చనక్కరలేదు. రాస్తే మొదట నష్టపోయేది తరుగులో బతికేవారే. అందుకే రాయడం లేదా అన్న అనుమానం రాకమానదు.

దీనికి వ్యాపారుల వైపు నుంచి ఒక జవాబున్నది. ఊళ్లో ఖరీదుదారు రైతుకు విత్తనాలకూ ఎరువులకూ అప్పు పెట్టి ఉంటాడు, పంట పోతే అతనూ మునుగుతాడు, ఆ ముప్పుకు ధర తరుగులో కాక ఎక్కడ తీసుకోవాలి అని. ముప్పు నిజమైనదే. దానికి వడ్డీ అని పేరు పెట్టి వడ్డీగానే తీసుకుంటే ఎవరికీ ఆక్షేపణ ఉండదు. తూకంలో తీసుకుంటే అప్పు తీరిందో లేదో రైతుకు ఎన్నటికీ తెలియదు. వచ్చే ఏడు కూడా అతను అదే గుమ్మానికి రావాలి.

రోజర్ ఫిషర్, విలియం యూరీ అనే అమెరికన్లు బేరసారాల మీద 1981లో రాసిన పుస్తకంలో ముఖ్యమైన మాట ఒకటున్నది. బేరంలో మనిషి బలం అతని మాటకారితనంలో లేదు, ఈ బేరం చెడితే అతనికి మిగిలే రెండో దారిలో ఉన్నది. నారాయణరావుపేట రైతు దీనిని పుస్తకం చదవకుండానే ఎరుగును. కోతమిషన్ ఊళ్లోని పొలాలన్నిటినీ ఒకే వారంలో కోసేస్తుంది. వడ్లన్నీ ఒకేసారి, పచ్చిగా కల్లంలోకి వస్తాయి. టార్పాలిను కిరాయి రోజురోజుకూ పెరుగుతుంది. మబ్బు కనిపిస్తే రెండో దారి మూసుకుపోతుంది. ఆ గంటలో అతను ఏ తరుగుకైనా ఒప్పుకుంటాడు. ఆరబెట్టే యంత్రం, కప్పున్న కల్లం, గోదాములో సరుకు పెట్టుకుని దాని విలువలో కొంత అప్పుగా ఇచ్చే మార్కెట్ కమిటీల పథకం, వీటిలో ఏ ఒక్కటి అందుబాటులో ఉన్నా పాట పద్ధతి మార్చినదానికన్నా ఎక్కువ పని చేస్తుంది. ఆ అప్పు పథకం పేరు కూడా రైతుబంధే. 2018లో వచ్చిన పెట్టుబడి సాయం కన్నా పాతది, ఆ పేరు మరుగున పడి చాలామందికి తెలియకుండా పోయింది.

సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనసును రాష్ట్ర ప్రభుత్వం 2024-25 వానాకాలం నుంచి ప్రకటించాక బేరం మళ్లీ చోటు మార్చింది. గింజ పొడవు 6 మిల్లీమీటర్లు, వెడల్పు 2 మిల్లీమీటర్లు మించితే అది సన్నం కాదు. కుప్పలోంచి ఏ పిడికిలి తీసి కొలవాలన్నది ఇప్పుడు 500 రూపాయల ప్రశ్న. ఆ పిడికిలి ఎవరు తీయాలో మాత్రం బోర్డు మీద ఇంకా రాయలేదు.